మొదటి కాలం

విజయదశమికి పిల్లల్ని సంగీతంలో చేర్చిన తల్లిదండ్రులు సంక్రాంతి దాటగానే ఒక ప్రశ్న మొదలుపెడతారు. "మాస్టారూ, మా పాప కీర్తన ఎప్పుడు వాయిస్తుందండీ?" సాయంత్రాలు వయొలిన్ నేర్పే మా ఇంట్లో ఈ మాట వినపడని ఏడాది లేదు. వాళ్లు అడగడంలో తప్పు లేదు. మూడు నెలలుగా ఇంట్లో వింటున్నది సరిగమపదనిస, సనిదపమగరిస. అది కూడా కమాను గరగరల మధ్య. చుట్టాలొచ్చినప్పుడు పిల్లచేత ఒక్క పాటైనా వాయించాలని ఎవరికి ఉండదు? నేను చెప్పే జవాబు మాత్రం వాళ్లకు అంతగా రుచించదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పుకునే రెండు మాటల్లో అది ఇమడదు కూడా. అందుకే ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మన సంగీతంలో తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. ఆ పద్ధతి పురందరదాసు పెట్టిందని సంప్రదాయం చెబుతుంది. సరళీ వరుసలు, జంట వరుసలు, ధాటు వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆ తర్వాత కీర్తనలు. అయిదు వందల ఏళ్లు కావస్తున్నా ఈ వరుసను తీసి పక్కన పెట్టగలిగినవాళ్లు లేరు. వయొలిన్ మన కచేరీలోకి వచ్చింది బాలుస్వామి దీక్షితుల కాలంలో. పరాయి దేశపు వాద్యమైనా దానికీ ఇదే మొదటి పాఠమైంది.

మాయామాళవగౌళే ఎందుకన్నది వయొలిన్ పట్టినవాడికి చేతి ద్వారా తెలుస్తుంది. మన పద్ధతిలో నాలుగు తీగల్నీ షడ్జం, పంచమం, షడ్జం, పంచమంగా శ్రుతి చేస్తాం. షడ్జం తీగ మీద స రి గ మ వాయించడానికి వేళ్లు ఎంతెంత దూరంలో పడతాయో, పక్కనున్న పంచమం తీగ మీద ప ద ని స వాయించడానికీ సరిగ్గా అంతంత దూరంలోనే పడతాయి. సకు రి ఎంత దగ్గరో పకు ద అంత దగ్గర. రికి గ ఎంత దూరమో దకు ని అంత దూరం. ఒక తీగ మీద నేర్చిన చెయ్యి రెండో తీగ మీద అదే ఆకారంలో వాలుతుంది. చిన్న చేతికి ఇంతకన్నా దయగల రాగం నాకు తెలియదు.

ఇక కాలాల సంగతి. ఆదితాళం ఒక ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి సరళీ వరుస ఎక్కి దిగడానికి మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు పడుతుంది. మూడో కాలంలో ఒక్క ఆవర్తనంలోనే రెండుసార్లు ఎక్కి దిగి వచ్చేయవచ్చు. తాళం వేసే చేతి వేగం మారకూడదు. మారేదల్లా లోపల పడే స్వరాల సంఖ్య.

పిల్లలందరికీ మూడో కాలమంటే మోజు. గబగబా వేళ్లు పరిగెడుతుంటే వాయించేవాళ్లకూ ఉత్సాహమే, వినేవాళ్లకూ ముచ్చటే. కానీ మూడో కాలం చాలా దాచేస్తుంది. గాంధారం వెంట్రుకవాసి కిందికి జారినా అది చెవికి చేరేలోపు మధ్యమం వచ్చేస్తుంది. కమాను వణికినా తెలియదు. మొదటి కాలంలో ఒక్కో స్వరానికి ఒక్కో నిండు కమాను లాగాలి, అడుగు నుంచి కొసదాకా, ఒకే బరువుతో. అక్కడ ఏదీ దాగదు. వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి, స్వరస్థానం కళ్లకు కనపడుతుంది. వయొలిన్‌కు మెట్లు లేవు. నల్లటి నున్నటి పలక మీద రిషభం ఎక్కడుందో చెప్పాల్సింది చెవే. ఆ చెవి నిదానంగా వాయించినప్పుడే తయారవుతుంది. నిలబెట్టిన స్వరాన్ని వింటూ, శ్రుతిపెట్టెతో పోల్చుకుంటూ, వేలిని ఆవగింజంత జరుపుకుంటూ, మళ్లీ వింటూ. వేగం తర్వాత సంగతి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, మొదటి కాలం కుదిరిన పిల్లకు మూడో కాలం నేను విడిగా నేర్పిన గుర్తే లేదు. అది తనంతట తానే వచ్చింది.

జనం ఊపు అంటే వేగం అనుకుంటారు. నా అనుభవంలో ఊపు తెగకుండా చేసే పనిలో ఉంటుంది. రోజూ అరగంట కూర్చునే పిల్లకు వేలికొసలు కాయకడతాయి, తీగ నొప్పి తెలియదు. పరీక్షలనో పెళ్లిళ్లనో కొన్ని వారాలు మానేస్తే చర్మం మళ్లీ మెత్తబడుతుంది. భుజం బిగుసుకుంటుంది. కమాను పట్టిన చిటికెనవేలు మొండికేస్తుంది. తిరిగి మొదలుపెట్టిన రోజుల్లో కొత్తది నేర్చుకోవడం ఉండదు, పోయిన చోటికి చేరుకోవడంతోనే సరిపోతుంది. వారమంతా ముట్టకుండా ఆదివారం మూడు గంటలు వాయించే పిల్లవాడు రోజూ అరగంట వాయించే పిల్లవాడికంటే వెనకబడటం ప్రతి తరగతిలోనూ చూస్తున్నాను. లెక్కకు గంటలు ఇంచుమించు సమానమే.

ఈ విషయాన్ని శాస్త్రమూ ఎప్పుడో పట్టుకుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీదే తాను ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం అచ్చువేశాడు. ఒక్కసారే కూర్చుని వల్లెవేయడం కంటే రోజుల మీద పంచుకుని చదివింది తక్కువ శ్రమతో నిలుస్తుందని తేల్చాడు. 1993లో ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారనే మాట ఊరూరా తిరగడానికి మూలం అదే. ఆ అధ్యయనం చెప్పింది మాత్రం అది కాదు. పదివేలు ఒక సగటు, గీత గీసి పెట్టిన హద్దు కాదు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతిని పెద్దగా ఎవరూ చెప్పుకోరు. అక్కడి మంచి విద్యార్థులు సాధనను విడతలుగా చేసేవాళ్లు, మధ్యలో విశ్రాంతి తీసుకునేవాళ్లు, పగటిపూట కునుకు కూడా తీసేవాళ్లు. ఒళ్లు హూనం చేసుకున్న కథ ఇందులో లేదు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే విజయనగరం వెళ్లాలి. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. పాతికేళ్లు దాటీ దాటని వయసులో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఆయనకు చిన్నప్పటినుంచీ చూపు మందం. అన్నగారు వెంకటకృష్ణయ్యగారి దగ్గర మొదలైన వయొలిన్ ఆయన చేతిలో మిగిలింది. పక్కవాద్యమని పేరుపడ్డ వయొలిన్‌ను ఒంటరి కచేరీకి నిలబెట్టినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నారు. పాత రికార్డుల్లో ఆయన వాయించింది ఇవాళ్టికీ వినవచ్చు. నేను విద్యార్థుల చేత వినిపించేది ఆయన వేగాన్ని కాదు, ఒక స్వరం మీద కమాను ఆగినప్పటి నిండుదనాన్ని. ఆ నాదం అంత నిండుగా పలకాలంటే వెనక ఎన్ని పొద్దులు ఉత్తి స్వరాల మీద గడిచి ఉండాలో వయొలిన్ పట్టిన ప్రతివాడికీ తెలుస్తుంది.

ఆ కళాశాలలోనే చదువుకున్నారు ఘంటసాలగారు. పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికంలో, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ పాట నేర్చుకున్నారు. సినిమా పాటలో ఆయన గొంతు అంత తేలిగ్గా సాగిపోతుంటే మనకు ఆ విజయనగరం రోజులు గుర్తుకు రావు. రాకపోవడం సహజమే. వినే మనకు ఆనందం చాలు. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ రోజుల గురించి చెప్పి తీరాలి.

ఓపిక అన్న మాటను నేను గుడ్డిగా పొగడను. పొరపాటును రోజూ వాయిస్తే పొరపాటే చేతికి పడుతుంది. ఒకసారి పడ్డాక దాన్ని విడిపించడం కొత్తగా నేర్పడంకన్నా కష్టం. టీవీ చూస్తూ సరళీ వరుసలు గీకే పిల్ల ఏళ్ల తరబడి గీకినా ఎక్కడికీ చేరదు. అందుకే మా దగ్గర సాధన అంటే కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ చెవి అక్కడే ఉండాలి. ఇవాళ ఏ ఒక్కటి బాగుచేసుకుంటున్నామో కూర్చునే ముందే అనుకోవాలి. ఒక రోజు నిషాదం, ఒక రోజు మణికట్టు, ఒక రోజు జంట వరుసల్లో రెండో స్వరం మీద పడాల్సిన ఒత్తు. దిద్దకుండా, వినకుండా "ఓపిక పట్టండి" అని ఏళ్లు గడిపే గురువులూ ఉంటారు. అక్కడ ఓపిక పట్టడం పిల్లకు అన్యాయం.

మరోవైపు తొందర చేసే అన్యాయం మరీ ఎక్కువైంది. స్వరం నిలవకముందే వేదిక, గీతం కుదరకముందే పోటీ. చప్పట్లు వస్తాయి, ఫోన్లో వీడియో నిలుస్తుంది, పదో తరగతికి వచ్చేసరికి వయొలిన్ అటకెక్కుతుంది. ఊడ్చిన నారు మూన తిరిగేదాకా ఏ రైతూ దుబ్బు పీకి వేళ్లు చూడడు. పిల్లల విషయంలో మనం ప్రతి వారం అదే చేస్తున్నాం. పెరుగుదల బయటికి కనిపించని నెలలు ఏ విద్యలోనైనా ఉంటాయి. లెక్కలు నేర్చుకోవడంలో, ఈతలో, ఉద్యోగానికి చదవడంలో, కథలు రాయడంలో. ఆ నెలల్లో పక్కన కూర్చునే మనిషి కావాలి. మార్కులు అడిగే మనిషి అప్పుడు అక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. కచేరీ ఆనవాయితీగా వర్ణంతో మొదలవుతుంది. విద్యార్థి దశలో నేర్చుకునే అదే వర్ణం, రెండు కాలాల్లో. అరవై ఏళ్ల అనుభవం ఉన్న విద్వాంసులు కూడా వేదిక ఎక్కగానే పాఠం దగ్గరికే వెళతారు. చెయ్యినీ గొంతునీ దారిలో పెట్టుకోవడానికి అంతకన్నా నమ్మకమైనది వాళ్లకూ దొరకలేదు. నా వరకు నేను పొద్దున్నే మొదట వాయించేది ఇప్పటికీ సరళీ వరుసలే, మొదటి కాలంలోనే. చాలా రోజులు ఏమీ జరిగినట్టు అనిపించదు. ఎప్పుడో ఒక వారం జంట వరుసల్లో అంతకుముందు లేని సాఫు వినపడుతుంది. అది ఏ రోజు వచ్చిందో చెప్పలేను.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్ల వాయించే అరగంటలో పావుగంటైనా పక్కన కూర్చోండి. ఫోను లోపలి గదిలో పెట్టి రండి. బాగుందో లేదో చెప్పక్కర్లేదు, వినండి చాలు. ఎదురింటివాళ్లు విసుక్కుంటున్నారనుకుంటే వయొలిన్ తీగల్ని మోసే చెక్క మీద, అంటే గుర్రం మీద, తగిలించే చిన్న మ్యూట్ దొరుకుతుంది, కొనివ్వండి. సాధన మాత్రం మాన్పించకండి.

చిన్నప్పుడు నేర్చుకుని మధ్యలో వదిలేసిన పెద్దలు ఈ కాలమ్ చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. అటక మీది పెట్టె దించండి. తీగలు తుప్పుపట్టి ఉంటాయి, మార్పించండి. కమానుకు రోజిన్ రాసి, వేళ్లు పెట్టకుండా ఉత్తి తీగల మీద రోజూ పావుగంట నిండుగా లాగండి. వాయించడం అయ్యాక కమాను వదులు చేసి పెట్టండి. సరళీ వరుసలు వచ్చే నెల మొదలుపెట్టవచ్చు.