పంక్తిలోని బొమ్మ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో పిల్లలకై అచ్చగుచున్న కథల పొత్తములు కొన్ని మా కంటబడినవి. వానిలో నడుమనడుమ మాటకు బదులు బొమ్మ యుండును. ఆవు బొమ్మను చూచి బిడ్డ ఆవు అని పలికి ముందుకు సాగవలెను. పద్ధతి మంచిదే, అచ్చువేసిన తీరే మాకు రుచింపలేదు.

ఆళ్లగడ్డ యను పేరునే చూడుడు. ళకారము క్రింద నొకటి, డకారము క్రింద నొకటి ఒత్తులు వ్రేలుచున్నవి. నంద్యాలకును యవొత్తు కలదు. మహానంది, అహోబిలము అను పేళ్లలో నొత్తులే లేవు. తెలుగు పంక్తికి అక్షరములు నిలుచు పాదరేఖ యొకటి, ఒత్తులు దిగు లోతు వేఱొకటి. కంప్యూటరు మాత్రము పంక్తిలో చేర్చిన బొమ్మ యడుగంచును పాదరేఖపై నిలిపి యూరకుండును. 1978లో డొనాల్డ్ క్నూత్ వెలువరించిన టెక్ అను కూర్పు సాధనమున ప్రతి యక్షరమునకు వెడల్పు, ఎత్తు, లోతు అని మూడు కొలతలు గలవు. అందు చేర్చిన బొమ్మకు లోతు సాధారణముగా సున్న.

బొమ్మ పొడుగైనచో పై పంక్తికిని దానికిని ఎడము పెరుగును. ఆ లోపము కనబడకుండుటకు కూర్పరి పంక్తుల యెడమును ఒక్క కొలతకు బిగించును. అంతట ఆవు కొమ్ములు తెగిపోవును! కొమ్ములు లేని యా జంతువును బిడ్డ గాడిద యనినచో తప్పెవరిది? నడివయసున అక్షరములు నేర్చి, ఇంట బిడ్డకు చెప్పుచున్న తల్లి ఆ తప్పు తనదే యనుకొనును. మాకు బాధాకరమైనది ఇదియే.

సీసపు అక్షరముల దినములలో దిమ్మెకు మీదను క్రిందను పట్టీలు పెట్టి కూర్పరి కంటితో సరిచూచెడివాడు. ఇప్పుడు పని యింకను సులభము. వర్డులో బొమ్మ నెన్నుకొని, దాని స్థానము ఇన్ని పాయింట్లు క్రిందికని చెప్పిన చాలును. పాయింటనగా అంగుళములో 72వ వంతు. అయితే అన్నిటికి నొకే దింపుడు తగదు. చెట్టు, ఇల్లు, ఆవు నేలపై నిలుచునవి. వాని పాదములు అక్షరపాదములతో సమముగా నుండవలెను, ఎక్కువైన యెత్తును బొమ్మను చిన్నది చేసి తగ్గించుకొనవలెను. సూర్యుడు, మామిడిపండు, బంతి అక్షరముల నడిమికి సరిగా నిలిచిన నింపుగా నుండును. ఒత్తుల లోతువఱకు దింపుట మాత్రము కూడదు. ఆవు బురదలో దిగబడినట్లుండును, క్రింది పంక్తిలోని గుడులును తగులును.

శిల్పశాస్త్రమున విగ్రహపు కొలతలకు బ్రహ్మసూత్రమను నిలువుగీత ఆధారము. ఆళ్లగడ్డలో ఉలిచప్పుడు వినుచు పెరిగిన వారికి గీత విలువ మేము చెప్పవలెనా?

ఈ పొత్తముల రెండవ కూర్పున ఆవును సగమునకు తగ్గించి, కొమ్ములతో సహా పంక్తిలో నిలుపుదురేని, మేము వెలయిచ్చి పది ప్రతులు కొందుము.