ఇటలీ పంక్తిలో అనపగింజలు

శాసనములను గూర్చియో, కవులను గూర్చియో వ్రాయవలసిన సంఘ సంచికలో భోజనశాలను గూర్చి వ్యాసమేమని పెద్దలు కొందఱు నవ్వవచ్చును. నేను విమర్శకుడను గాను. ముప్పదియైదేండ్లు ఫైళ్ల నడుమ గడపిన గుమాస్తాను. కాని వంటయు నొక రచనయే అని నా నమ్మకము. దానికిని సంప్రదాయము కలదు, దానిని మార్చువారు కలరు, మార్చరాదని పోట్లాడువారును కలరు. పొరుగు భాషల నడుమ తరతరములుగా కాపురముండి, ఏది నిలుపుకొనవలెను, ఏది విడువవచ్చును అని నిత్యము తేల్చుకొనవలసిన మనవంటివారికి ఈ పోట్లాట పరాయిది కాదు.

ఈ యేడు సంక్రాంతి వెళ్లిన వారమున మా అమ్మాయియు అల్లుడును మమ్ము బెంగళూరులోని ఒక గొప్ప ఇటలీ భోజనశాలకు తీసికొనిపోయిరి. దాని పేరు వ్రాయను. కారణము ముందు తెలియగలదు. అది పాతరీతి ఇటలీ వంట కాదనియు, "కాంటెంపరరీ ఇటాలియన్" అనగా నూతన రీతిది అనియు అమ్మాయి ముందే చెప్పినది. ఆ నూతన రీతి యెట్టిదో తెలియక పోయి కూర్చుండుట నాకు ఇష్టము లేకపోయెను. అందుచేత రెండు వారములు చదివితిని. 2015లో వచ్చిన "చెఫ్స్ టేబుల్" అను చలనచిత్రమాలికలో మొదటి భాగమును అమ్మాయి చూపగా చూచితిని. అది మోదెనా పట్టణమునందలి మాస్సిమో బొత్తూరా అను వంటవాని కథ.

ఇటలీ ఉత్తరభాగమున ఎమీలియా సీమలోని మోదెనాలో 1995లో ఆయన ఒస్తెరియా ఫ్రాంచెస్కానా అను చిన్న భోజనశాల తెఱచెను. 2011 చివరకు దానికి మిషెలిన్ వారి మూడు నక్షత్రములు వచ్చినవి. 2016లోను, 2018లోను ప్రపంచపు యాబది ఉత్తమ భోజనశాలల పట్టికలో అదియే మొదటిది. అయినను తొలియేండ్లలో ఊరివారే ఆయనను మెచ్చలేదు. ఏలయన ఆయన తాకరాని దానిని తాకెను.

ఆ తాకరానిది తొర్తెల్లీనీ. మన కజ్జికాయవలె లోపల పూర్ణము పెట్టి, వ్రేలికొనకు చుట్టి మడచిన చిన్న పిండిముద్ద అది. పూర్ణము పందిమాంసము, చీజు, జాజికాయ. దానిని మాంసపు చారులో గిన్నె నిండుగ పోసి పండుగనాడు ఇంటిల్లిపాది తినుట అక్కడి ఆచారము. బొత్తూరా ఏమి చేసెననగా, వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని తొర్తెల్లీనీలను మాత్రము తీసికొని, చారుమీద నడచిపోవుచున్నట్లు వరుసగా నిలిపెను. అవ్వలకు కోపము వచ్చెను. కోపము రావలెననియే చేసితినని ఆయన తాత్పర్యము: చెంచాకు పదేసి మ్రింగుచున్నారు గాని ఒక్కొక్కదానిని చూచి తినుటలేదు, ఇపుడైనను చూడుడు, అని. బాల్యమున అవ్వ వంటబల్ల క్రింద దాగి, పైనుండి రాలిన పచ్చి తొర్తెల్లీనీలను తిన్నవాడు ఆయన. హాస్యమాడు హక్కు ఆయనకు అక్కడినుండి వచ్చినది.

గుమాస్తాగా నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది వేఱొకటి కలదు. పొరుగున ఉన్న బొలోన్యా నగరమున వంటలను దస్తావేజులవలె నమోదు చేసియున్నారు! 1972లో అక్కడి వాణిజ్యమండలి కార్యాలయమున తాల్యతెల్లె అను పట్టీవంటి పాస్తా ఉడికిన పిమ్మట 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండవలెనని వ్రాయించి, బంగారముతో చేసిన నమూనాను గూడ అందు భద్రపఱచిరి. 1974లో తొర్తెల్లీనీ పూర్ణమును, 1982లో మాంసపు రగూను నమోదు చేసిరి. నా ఉద్యోగమున ఎన్నియో దస్తావేజులు చూచితిని గాని పులుసును ఫైలు చేసిన కచ్చేరీని ఎఱుగను. నవ్వు వచ్చునుగాని, ఒక విధముగ అసూయయు కలుగును. మన హోసూరు, కోలారు సీమల తెలుగిండ్లలోని ఉప్పుసారును, ఊరుబిండిని ఎవరు ఎక్కడ నమోదు చేసిరి?

ఇట్లు నమోదు చేయువాడును, నడిపించి హాస్యమాడువాడును ఉన్నచోటనే వంట బ్రదికియున్నదని నా యభిప్రాయము. ఒకడు లేక మఱియొకడు నిలువడు. ఇంతకును "ఇటలీ వంట" అను పేరే క్రొత్తది. ఆ దేశము ఒక రాజ్యముగ ఏర్పడినది 1861లో. పట్టు వర్తకము చాలించి విశ్రాంతిలోనున్న పెల్లెగ్రీనో అర్తూసి అను పెద్దమనిషి డెబ్బదియొకటవ యేట, 1891లో, పలు సీమల వంటలను ఒకచోట చేర్చి, ప్రకటించువాడు దొరకక సొంత ఖర్చుతో అచ్చు వేయించెను. మొదటి ముద్రణమున 475 వంటకములు. ఇండ్లలోని స్త్రీలు ఉత్తరములు వ్రాసి పంపగా పంపగా పదునాలుగవ ముద్రణమునకు 790 అయినవి. వంటవాడు కాని ముదుసలి చేసిన పని అది. 2025 డిసెంబరులో మన ఢిల్లీ ఎఱ్ఱకోటలో కూడిన యునెస్కో సమావేశమున ఇటలీ వంట మానవజాతి వారసత్వముల పట్టికకెక్కినది. మన దీపావళియు ఆ సమావేశముననే ఎక్కినది. ఆ దినమున అర్తూసిని తలచినవారు అక్కడ ఎందఱున్నారో!

ఇక మా విందు.

దీపములు తక్కువ, అద్దములు ఎక్కువ. ఇత్తడి కుండీలలో తులసిని పోలిన బేసిల్ మొక్కలు. నా భార్య వానిని చూచి, ఉగ్గబట్టుకొని, నమస్కరింపక ఊరకుండెను. పరిచారకులు వినయవంతులు, నీరు గ్లాసులో సగమైన వెంటనే నింపుదురు. ఇందు నాకు వంక లేదు.

మొదటి వంక వడ్డనలో. ఇటలీ భోజనమునకు ఒక క్రమము కలదు. ముందు చిన్న తినుబండములు, పిమ్మట పాస్తాయో అన్నమో, దాని తరువాత మాంసమో చేపయో ప్రక్కన కూరతో, కడపట తీపి. మనకు పప్పు, కూర, పులుసు, చారు, మజ్జిగ యనునట్లు దేని చోటు దానిది. చారు వడ్డించిన తరువాత పప్పు వచ్చిన పంక్తి ఎట్లుండును? ఇక్కడ "పంచుకొనుటకు" అని పేరు పెట్టి, వంటశాలలో ఏది ముందు ముగిసిన దానిని ముందు తెచ్చి బల్లపై నింపిరి. నూతనత్వమనిన ఇదియే యైనచో రైలు క్యాంటీను మనకు ఎన్నడో నూతనమైనది.

రెండవది లసాన్యా. పాస్తా రేకులను రగూతోను తెల్లని పాలగుజ్జుతోను పొరలు పొరలుగా పేర్చి కాల్చెడి వంట అది. మోదెనా పిల్లలు దాని అంచున మాడి కరకరలాడు చెక్కకై పోట్లాడుదురట. బొత్తూరా ఆ చెక్కను మాత్రమే ప్రధానము చేసి ఒక వంటకము కల్పించెను. మా సంగటికుండ అడుగున అంటిన మాడుకై నేనును మా తమ్ముడును కొట్టుకొన్నవారమే గనుక ఆ కల్పన నాకు చదివినంతనే అర్థమైనది. బెంగళూరువారు దానిని అనుకరించిరి. మాది మాంసము లేనిది. నల్లని రాతిపలక మీద నిలువుగ గ్రుచ్చిన రెండు అప్పడములు, క్రింద ఎఱ్ఱని చుక్కలు అయిదు. రుచి చెడ్డది కాదు. అయితే చుట్టును ఉన్న బల్లలయొద్ద కూర్చున్న పడుచువారిలో అసలు లసాన్యాను ఎందఱు తిని యుందురు? మూలము వినని వానికి పేరడీ వినిపించినట్లయినది. అసలు లసాన్యా వారి పట్టికలోనే లేదు.

రిజొత్తో అను అన్నము నాకు నచ్చినది. చారును గరిటె గరిటెగా పోయుచు, కలుపుచు, బియ్యపు జిగురే గుజ్జుగ మాఱునట్లు వండుదురు. మెతుకు నడుమ కొంచెము పలుకు ఉండవలెను. పలుకును మన ఇండ్లలో తప్పుగ నెంచుదుముగాని పులిహోరకు మనమును పలుకునే కోరుదుము కదా! ఆ వంటవాడు పలుకు ఎఱిగినవాడు. ఇంతకన్న దానిని గూర్చి చెప్పవలసినది లేదు.

ఇప్పుడు పేరు వ్రాయనిదానికి కారణము. నా భార్య పుట్టినది మొదలు శాకాహారి. పట్టికలో ఆకుపచ్చ చుక్క ఉన్న వంటకములే ఆమెకు చెప్పించితిమి. వానిలో మొదటిది ఇరువదినాలుగు నెలలు పండిన పర్మిజానో రెజ్జానో చీజును నురుగుగ చేసినది. ఆమె రెండు చెంచాలు తిన్న పిమ్మట, ఇంత సువాసనగల చీజు ఎట్లు చేయుదురో చూతమని అల్లుడు ఫోనులో చదివెను. ఒక్కొక్క చక్రమునకు 550 లీటర్ల పాలు, తక్కువలో తక్కువ పండ్రెండు నెలల నిలువ, అని ఉత్సాహముగ చదువుచు హఠాత్తుగ ఆగిపోయెను. ఆ పాలు విఱుగుటకు దూడకడుపులోనుండి తీసిన రెన్నెట్ వేయవలెను. ఆ పేరు పెట్టుకొను చీజునకు అది నియమము, వేఱొకటి వాడరాదు. నా భార్య చెంచా క్రింద పెట్టి, నీళ్లు పుక్కిలించి వచ్చి, ఏమియు అనక కూర్చుండెను. ఆమె ఏమైన అని యున్నచో నాకు తేలికగ నుండెడిది.

మేనేజరును పిలిపించితిమి. పాలవస్తువు గనుక ఆకుపచ్చ చుక్క పెట్టితిమని అతడు చెప్పెను. అబద్ధమాడుచున్నాడని అనను, అతనికి తెలియదు. తెలియకపోవుటయే నా ఆక్షేపణ. చీజు ఏ ఊరిదో, ఎన్ని నెలలదో పట్టికలో వ్రాయ తెలిసినవారికి అది ఎట్లు విఱిగినదో చెప్ప తెలియవలదా? పేరు గొప్పది గనుక తెచ్చిరి. ఆ పేరుతో వచ్చు నియమమును మాత్రము తేలేదు.

మేము లేవబోవునంతలో కడపటి వంటకము వచ్చెను. ఒరెక్కియెత్తె, అనగా చిన్న చెవులు. ఇటలీ దక్షిణమున పూలియా సీమది. గోధుమరవ్వయు నీరును కలిపి, బొటనవ్రేలితో ఒత్తి చేసెడిది, గ్రుడ్డు ఉండదు. పాస్తాయు చిక్కుడుజాతి గింజలును కలిపి వండుకొనుట అక్కడ బీదల భోజనము. చీజు కొనలేనివారు వేచిన రొట్టెపొడి చల్లుకొందురు. మా మాట విని వంటవాడును చీజు మాని రొట్టెపొడియే చల్లి పంపెను. నా భార్య అనుమానముతోనే ఒక చెంచా నోట పెట్టుకొని, అమ్మాయి వంక చూచి, "ఏమే, ఇది మన పితికిపప్పు కదే!" అనెను.

నిజముగ అదియే. మంచులో కాచిన అనపకాయలు. వాని గింజలను రాత్రి నానవేసి, తెల్లవాఱి వ్రేళ్లతో పితికి పొట్టు తీసిన పప్పు. సంక్రాంతి ముందు మా ఇంట నలుగురు ఆడువారు చేట చుట్టు కూర్చుండి చేసెడి పని. తెలుగువారి వంటయని పేరుపడిన బెంగళూరు ఆంధ్రా మీల్స్ హోటళ్లలో అది నాకు ఎన్నడును కనబడలేదు. ఆ బోర్డు క్రింద గోంగూర కలదు, కందిపొడి కలదు, హోసూరు తెలుగువాని వంట లేదు. అది కనబడినది ఇటలీవారి పళ్లెమున! గసగసాలు లేవు, కొబ్బరి లేదు. ఒలీవు నూనె, వెల్లుల్లి, ఒక ఎండుమిరప. ఐనను పప్పు పప్పుగనే నిలిచి, ఆ చిన్న చెవుల గుంటలలో కూర్చుండి, నోటికి ఇంపుగ నుండెను. ఆ రాత్రి మార్పు అనుదాని రుచి మాకు తెలిసినది ఆ ఒక్క పళ్లెముననే, ఏలయన అచ్చట మూలము మాకు కంఠస్థము. నా భార్య రెండవమాఱు తెప్పించుకొని తినెను.

అటుపిమ్మట నేను పట్టికను తిరిగి తెప్పించి చూచితిని. పాస్తాకు దాని సీమ పేరు, నూనెకు దాని తోట పేరు వ్రాసియున్నవి. అనపగింజలకు వ్రాసినది "లోకల్ బీన్స్" అని! వేల మైళ్లనుండి వచ్చినదానికి ఇంటిపేరుతో సహా పిలుపు, నలుబది కిలోమీటర్ల దూరము నుండి వచ్చినదానికి పేరే లేదు. కన్నడమున అవరెకాయ అనినను నేను సంతోషించి యుందును.

బిల్లు అల్లుడు చెల్లించెను. నేను చూడరాదని మడచెను గాని చూచితిని. ఉద్యోగమున చేరిన తొలియేడు నా పండ్రెండు నెలల జీతము అంత లేదు.

వెడలునపుడు నా భార్య అమ్మాయిచే పరిచారకునకు రెండు మాటలు చెప్పించెను. పప్పులో అక్కడక్కడ పొట్టు మిగిలినది, గింజలను ఇంకొక జాము నాననిచ్చిన సులభముగ ఊడును, అని; దాని పేరు పితికిపప్పు, అని. అతడు ఒడిస్సా బాలుడట. ఆర్డర్లు వ్రాసుకొను చీటిపై ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొని, సరిగా పలికితినా యని రెండుమాఱులు అడిగెను. చీజు సంగతి విచారించి వ్రాసెదమని మేనేజరు అమ్మాయి చిరునామా తీసికొనెను. ఈ వ్యాసము అచ్చునకు పంపువఱకు ఉత్తరము రాలేదు.