గిన్నె మీద పేరు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక కొటేషను. అక్కన్నపేటలో ఉండే మా మేనల్లుడు వాట్సాప్‌లో పంపాడు. లేజర్‌తో చెక్కే మిషను. రంగుల కాగితం, పైన మిషను బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో: చెక్క, అక్రిలిక్, తోలు, గాజు, స్టీలు, ఇత్తడి, గ్రానైటు, అన్నిటి మీదా చెక్కుతుంది. దానికింద, మూడు రోజుల శిక్షణ ఉచితం. నేను చదవడం పూర్తికాక ముందే ఫోను.

"మామా, బ్యాంకోళ్లు కొటేషన్ తెమ్మంటున్రు. ఇదే ఇచ్చేద్దునా?"

ఈ కాలమ్‌ను పట్టుకుని వదలని పాఠకులకు నా జవాబు ముందే తెలిసి ఉంటుంది. హైదరాబాదుకు పోయే మన రూపాయి గురించి నేను మొత్తుకోని వారం తక్కువ. హుస్నాబాద్ చౌరస్తాలో దొరికే దానికోసం బేగంబజారు బస్సెక్కే వాళ్లమీద నా కోపం మీకు కొత్త కాదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు అక్కన్నపేట మండల కేంద్రమైంది, కరీంనగర్ జిల్లా పోయి సిద్దిపేట జిల్లా అయింది. ఆఫీసులు వచ్చినంత తొందరగా పనులు రాలేదని అప్పటినుంచీ అంటూనే ఉన్నాను. అలాంటిది, మావాడు ఊళ్లోనే మిషను పెడతానంటే నేను ఎగిరి గంతేయాలి.

వేయలేకపోయాను. ఆ "అన్నిటి మీదా" అన్నమాట దగ్గర ఆగిపోయాను.

లేజర్‌లో ఈ వ్యాపారానికి పనికొచ్చే జాతులు ముఖ్యంగా రెండు. ఒకటి కార్బన్ డయాక్సైడ్ వాయువును గాజు గొట్టంలో నింపి పుట్టించేది. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టినాయన మన పక్క రాష్ట్రంలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణం తరంగం 10.6 మైక్రాన్లు. చెక్క, అక్రిలిక్, తోలు, గాజు, నల్లరాయి దాన్ని పీల్చుకుంటాయి, చెక్కుడు పడుతుంది. మెరిసే ఇత్తడి దగ్గరికి పోతే మాత్రం చాలామటుకు తిరిగొచ్చేస్తుంది. రెండోది ఫైబర్ లేజర్. దాని తరంగం ఒక మైక్రాను కంటే కొంచెం ఎక్కువ, అంతే. స్టీలు, ఇత్తడి, వెండి దానికి లొంగుతాయి. పారదర్శక అక్రిలిక్ పెడితే ఏమీ పట్టనట్టు అందులోంచి దూరి పోతుంది. బంగారు దుకాణంలో హాల్‌మార్క్‌తో పాటు ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరున్న హెచ్‌యూఐడీ గుర్తు కూడా లేజర్ చెక్కిందే. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కాబట్టి లేజర్ అక్కన్నపేటకు కొత్తగా రావడం లేదు, ఆడవాళ్ల మెళ్లో గొలుసు కొక్కెం మీద ఎప్పుడో వచ్చేసింది.

ఇంతకూ మావాడికి ఏ మిషను కావాలి? వాడు ఏం చెక్కి ఎవరికి అమ్ముతాడన్న దాన్నిబట్టి. అది అడిగితే, "మస్తు గిరాకి ఉంటది మామా" అన్నాడు. గిరాకీ ఎక్కడుందో నాకు తెలుసు. గిన్నెల్లో ఉంది.

మా అమ్మ దగ్గర ఒక కంచు తలె ఉండేది. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక పేరు. సన్నటి మేకులాంటి పనిముట్టును సుత్తెతో కొడుతూ వేసిన చుక్కలు. అది మా అమ్మమ్మ పేరు. చదవడం రాని మనిషి పేరు, ఇంట్లో రాతగా ఉన్నది ఆ ఒక్కచోటే. ఆ తర్వాత స్టీలు వచ్చింది, కరెంటు పెన్ను వచ్చింది. సిద్దిపేటలో మేము గిన్నెలు కొనే దుకాణంలో ఒక మూల పీటమీద కూర్చుని, గుర్రుగుర్రుమనే పెన్నుతో పేర్లు కొట్టే పెద్దమనిషి ఉండేవాడు. గిన్నెలు కొన్నవాళ్లకు పేరు ఉచితం. అందుకే ఆయన పనికి ధర ఎంతో ఎవరికీ తెలిసేది కాదు, ఆయనకు కూడా.

ఆయన పెన్ను పట్టేముందు అడిగే ప్రశ్నలు నాకింకా గుర్తే. ఎవరికి పెడుతున్నరు? ఏం కార్యం? పిల్ల పేరు ఇంట్లో పిలిచేదా, లగ్నపత్రికలోదా? అన్నీ అడిగి, కాగితం ముక్కమీద రాసి, పైకి చదివి, "ఇదేనా?" అనేవాడు. అవునన్నాకే పెన్ను. బగోన అయితే కడుపుమీద రాయడు, తోమి తోమి అక్కడే ముందు అరుగుతుంది కాబట్టి. అంచు కింద రాసేవాడు. తలె అయితే లోపల రాయడు, అన్నం మెతుకులు, మురికి ఇరుక్కుంటాయని వెనకవైపు. సర్వకు మెడ దగ్గర. పెట్టేవాళ్ల పేరు పెద్దగా, పెండ్లిపిల్ల పేరు చిన్నగా రాయమని ఒక బంధువు పట్టుబడితే, "గిన్నె ఎవలది?" అని ఒక్కమాట అడిగి, తన పద్ధతిలోనే రాశాడు. బిందె మీద జాగా చాలకపోతే ఇంటిపేరును మొదటి అక్షరానికి కుదించేవాడు గానీ పేరును ఎప్పుడూ రెండు ముక్కలు చేసేవాడు కాదు.

ఆ పేరు సోకు కోసం కాదు. పది ఇళ్ల గిన్నెలు ఒక పెండ్లి వంటలో కలిసిపోతే, తెల్లారి ఎవరివి వాళ్లకు చేరాలి. ఆ అవసరం ఇప్పుడూ పోలేదు. ప్లాస్టిక్ ప్లేట్లు మాన్పించడానికి మన సిద్దిపేట జిల్లాలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. ఊళ్లో ఫంక్షనుకు ప్లేట్లు, గ్లాసులు మహిళా సంఘం దగ్గర తెచ్చుకుని, తోమి తిరిగి ఇవ్వాలి. పేరు లేని గ్లాసు అలాంటి చోట ఎన్నాళ్లు నిలుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. నా లెక్కలో మావాడి మొదటి గిరాకీ అదే.

ఇక్కడిదాకా చదివినవాళ్లు, ఈయన లేజర్ వద్దంటాడు, పాత చేతిపనే గొప్ప అని కూర్చుంటాడు అనుకుంటున్నారేమో. లేదు. ఆ కరెంటు పెన్ను అక్షరం వణికేది, రెండేళ్లలో మసకబారేది, వంద గ్లాసులకు కొడితే వంద రకాలుగా ఉండేది. ఫైబర్ మిషను వంద గ్లాసులకూ ఒకటే అక్షరం, ఒకటే లోతు. నాకు దానిమీద పేచీ లేదు. పేచీ అంతా, ఆ పెద్దమనిషి పెన్నుకు ముందు చేసిన పని ఏ కొటేషనులోనూ లేకపోవడం మీద.

ఆ మూడు రోజుల ఉచిత శిక్షణలో నేర్పేది స్విచ్చు వేయడం, ఫోకస్ పెట్టడం, పవరు, స్పీడు మార్చడం. అవి అవసరమే. కానీ కంపెనీల డెమో వీడియోలు చూడండి. చెక్కేవన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు, కంపెనీల గుర్తులు. గుడి, దీర్ఘం, వత్తు ఉన్న అక్షరం ఒక్కటి కనిపించదు. అందుకని మావాణ్ణి కరీంనగర్‌లో జాబ్‌వర్కు చేసే ఒక చిన్న షాపుకు తోలుకపోయాను. రెండు స్టీలు ప్లేట్లిచ్చి, "అక్కన్నపేట" అని కొట్టమన్నాం. క్కకు ఒకటి, న్నకు ఒకటి, వరసగా రెండు వత్తులు. మొదటి ప్లేటు చూస్తే వత్తు అక్షరానికి తగిలినచోటల్లా తెల్లటి ఖాళీ, ఎలుక కొరికినట్టు.

మిషను దగ్గరున్న కుర్రాడు నవ్వి కారణం చూపించాడు. మన డీటీపీ ఫాంట్లలో అక్షరం, వత్తు విడివిడి ముక్కలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. కాగితం మీద అచ్చేస్తే ఆ ఎక్కుడు కనబడదు. లేజర్ సాఫ్ట్‌వేర్ అక్షరం లోపల గీతలు నింపేటప్పుడు, రెండు ఆకారాలు కలిసిన జాగాను బయటి జాగా అనుకుని వదిలేస్తుంది. కోరెల్‌డ్రాలో ముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చి, ముక్కలన్నిటినీ వెల్డ్ చేసి పంపితే సరిపోతుంది. రెండో ప్లేటు అద్దంలా వచ్చింది. పది నిమిషాల పాఠం. మిషను అమ్మే కంపెనీ ఎక్కడుందో గానీ, తెలుగు అక్షరాన్ని ఇలా దారికి తేవడం రోజూ తెలుగు కొట్టేవాడికే తెలుస్తుంది.

ఆ కుర్రాడే ఇంకో సంగతి చెప్పాడు. గిరాకీలు తెచ్చే రెగ్జిన్ సంచులు, ఫ్లెక్సీ ముక్కలు లేజర్ కింద పెట్టొద్దన్నాడు. వాటిలో పీవీసీ ఉంటుంది, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి వస్తుంది, ఊపిరితిత్తులకూ చేటు, మిషను ఇనుముకూ చేటు. ఫైబర్ కిరణం కంటికి కనబడదు, కానీ కంట్లోకి దూరి వెనక పొరను కాలుస్తుంది. దానికి ఆ తరంగానికే చేసిన కళ్లజోడు కావాలి, జాతరలో కొన్న నల్లద్దాలు కాదు. ఇది మా సిద్దిపేట పెద్దమనిషి నేర్పగలిగేది కాదు. ఒప్పుకోవాలి.

సరే, నేర్పే సంస్థల మాటేమిటి? 1968 నుంచి ఉన్న బాలానగర్ సీఐటీడీ ఉంది, యూసుఫ్‌గూడలో నిమ్స్‌మే ఉంది, 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు. పనిముట్ల మీద చెయ్యి పెట్టాలనుకునేవాళ్లకు మంచి చోట్లే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, శిలలు చెక్కేవాళ్లు, కంసాలులు అందులో ఉన్నారు, లేజర్ చెక్కుడు లేదు. సొంతంగా పని పెట్టుకునేవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ కింద పల్లెల్లో 25 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ వస్తుంది గానీ, నాకు ఎప్పటినుంచో నచ్చనిది అందులోని వరస. సాధారణంగా కొటేషను ముందు పెట్టాలి, శిక్షణ రుణం మంజూరయ్యాక. అంటే ఏ మిషను కావాలో తెలియక ముందే ఏ మిషనో రాసి ఇవ్వాలి. పెండ్లి అయ్యాక పిల్లను చూపించినట్టు. ఆ తొందరలోనే "అన్నిటి మీదా" కాగితాలు అమ్ముడుపోతాయి.

అయినా అమ్మేవాళ్లను అడగాల్సినవి అడగక తప్పదు. గాజు ట్యూబు వాడకున్నా పాతబడుతుంది, లోపలి వాయువు మెల్లగా చెడుతుంది. కాబట్టి మిషను తేదీ కాదు, ట్యూబు తయారైన తేదీ అడగాలి. ట్యూబు పోతే ఇంకోటి ఎక్కడి నుంచి, ఎన్నాళ్లలో? ఫైబర్ మిషను ఇక్కడే బిగించిందైనా లోపలి లేజర్ సోర్సు తరచూ చైనా రేకస్‌దో, జేపీటీదో ఉంటుంది. అది తప్పేమీ కాదు, పేరూ నంబరూ బిల్లుమీద రాసివ్వనంటే మాత్రం తప్పు. పెండ్లిళ్ల కాలంలో మిషను ఆగితే అక్కన్నపేటకు వచ్చేది ఎవరు, ఫోనులో వీడియో పెట్టి "ఆ వైరు పీకు" అనేది ఎవరు? ఎర్తింగు లేని ఇంట్లో ఎక్కువ వోల్టేజీ పవర్ సప్లై ఉన్న మిషనును బిగించడానికి ఒప్పుకునేవాడైతే, వాడి దగ్గర అసలే కొనొద్దు.

ఇన్నీ అడిగి, మంచివాణ్ణి వెతికి, దగ్గర్లో కొనమని చెప్పడం నా అలవాటు. ఈసారి మావాడికి అది చెప్పలేదు. కొటేషను వెనక్కి పంపెయ్యమన్నాను. ఒక పెండ్లిళ్ల కాలమంతా మిషను కొనొద్దన్నాను. ఊళ్లో, తండాల్లో, హుస్నాబాద్‌లో ఆర్డర్లు పట్టు. పని కరీంనగర్‌కో హైదరాబాదుకో పంపు. ఒకే చోటికి కాదు, రెండు మూడు షాపులకు. చెప్పిన రోజు ఇచ్చేదెవరు, తప్పు పోతే మళ్లీ కొట్టిచ్చేదెవరు, మిషను పక్కన నిలబడనిచ్చేదెవరో చూసుకో. వాళ్లు ఏ మిషను వాడుతున్నారు, ఏ మెకానిక్కును పిలుస్తున్నారు, ఏ కంపెనీని తిడుతున్నారు అన్నీ చెవిన పడతాయి. అమ్మేవాణ్ణి ఎంచుకోవడం, పని నేర్చుకోవడం రెండూ అక్కడే అయిపోతాయి, ఫీజు లేకుండా. ఆర్డర్లు గిన్నెలవే ఎక్కువైతే ఫైబర్ కొంటాడు, జ్ఞాపికలూ బోర్డులూ అయితే గాజు ట్యూబుది. ఏమీ రాకపోతే అప్పు తప్పినట్టే.

"అంటే పైసలన్నీ హైద్రాబాద్‌కే పోవాల్నా మామా?" అన్నాడు వాడు, నా కాలమ్ నాకే అప్పజెబుతూ. ఒక్క కాలం పోనీ అన్నాను. పాఠకులు ఉత్తరాలు రాసి తిట్టొచ్చు, అభ్యంతరం లేదు.

ఉత్తరం ఎలాగూ రాస్తారు కాబట్టి ఒక విన్నపం. సిద్దిపేట, హుస్నాబాద్, జనగామ వైపు గిన్నెల దుకాణాల్లో చేత్తో పేర్లు కొట్టేవాళ్లు ఎవరైనా ఇంకా పనిచేస్తుంటే, వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే, దుకాణం ఎక్కడో పత్రిక చిరునామాకు రాయండి. మావాణ్ణి అక్కడ కొన్నాళ్లు కూర్చోబెట్టాలి. ఈసారి జీతం మేమే ఇస్తాం.