పత్రికలు పంచు విద్య

బాల్యమున వేకువజామున పత్రికలు పంచినవాడను గనుక, ఆ పనియందలి నేర్పును సాధికారముగా ప్రశంసింపగలను. బస్టాండు అరుగుపై కట్ట విప్పి, ఆదివారమైనచో అనుబంధమును మడతలో చొప్పించి, వీధుల వరుసనే ప్రతులను పేర్చుకొని, సైకిలు దిగకయే, చుట్టి బిగించిన పత్రికను మేడమీది వసారాలో, కళ్ళాపి తడికి ఎడముగా, గడపకు చేరువగా పడునట్లు విసరుట అభ్యాసైకసాధ్యమైన విద్య. ఏ యింట 'ఆంధ్రప్రభ' వేయవలెనో, ఏ యింట 'ఆంధ్రపత్రిక' వేయవలెనో చీటీ చూడకయే చేతికి తెలియవలసియుండెడిది. పిదప రాష్ట్రపతియైన అబ్దుల్ కలాం సైతము, రెండవ ప్రపంచయుద్ధకాలమున రామేశ్వరమున రైలాగుట మానగా, కదలు బండినుండి విసరిన పత్రికల కట్టలను బాల్యమున అందుకొనుచుండెను. సంపాదకుడెంతటి విద్వాంసుడైనను, ఆతని వాక్యము కాఫీవేళకు పాఠకుని చేరనిచో నిన్నటి మాటయే యగును; దానిని నేటి మాటగా నిలుపువాడు పత్రికలు పంచు కుర్రవాడే.