రాతిలో వీధి, సిరాలో వీధి: నాలాగిరి ఫలకం మొదలు మంగళగిరి గాలిగోపురం దాకా

ఉపోద్ఘాతం

సిరాతోనో మార్కర్‌తోనో గీసిన రద్దీ వీధి చిత్రాన్ని సాధారణంగా అందులోని వివరాల సంఖ్యతో కొలుస్తారు. ఎన్ని బళ్లు, ఎన్ని దుకాణాలు, ఎన్ని తలలు ఉన్నాయో లెక్కించి, ఎక్కువ ఉన్న చిత్రమే నిశిత పరిశీలనకు నిదర్శనమంటారు. ఈ కొలమానం సరిపోదు. జనం సభలోనూ ఉంటారు, సంతలోనూ ఉంటారు. వీధిని వీధిగా నిలిపేది దారి. నల్లసిరా చిత్రంలో ఆ దారిని చిత్రకారుడు గీయడు, వదిలిపెడతాడు. ఇరువైపులా మనుషులు కదిలినప్పుడే తెల్ల కాగితం దారిగా కనిపిస్తుంది. అందువల్ల వీధి చిత్రాన్ని అందులో వదిలిన ఖాళీనీ, ఆ ఖాళీ మీదుగా సాగే చూపులనూ ఆధారం చేసుకొని చదవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఇందుకు కృష్ణాతీరంలోనే ప్రాచీనమైన ఆధారం ఉంది.

నాలాగిరి ఫలకం

అమరావతి స్తూపానికి చెందిన గుండ్రని శిల్పఫలకం ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దేవదత్తుడి కుట్రతో రాజగృహ వీధుల్లోకి వదిలిన నాలాగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం అందులోని ఇతివృత్తం. శిల్పి ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఎడమవైపు అది నగరద్వారం దాటి వచ్చి మనుషుల మీద పడుతుంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లుతుంది. నడుమ భయంతో చెదిరే జనం, పక్కవారిని పట్టుకొని వెనక్కి తగ్గే స్త్రీ, మేడ కిటికీల నుంచి తొంగిచూసే ముఖాలు కనిపిస్తాయి.

ఇక్కడ రద్దీని పుట్టించింది మనుషుల సంఖ్య కాదు. ఒకే సంఘటన వైపు తిరిగిన అనేక చూపులు, ఆ సంఘటనకు దూరంగా జరిగే అనేక దేహాలు కలిసి రద్దీని సృష్టించాయి. పై కిటికీలు వీధికి ఎత్తునిచ్చాయి, ద్వారం దానికి మొదలును చూపింది. ఒకే ఏనుగు రెండు రూపాల మధ్య దూరం కాలంగా మారింది. ఈ సంబంధాలలో ఏ ఒక్కటి తొలగించినా మిగిలేది గుంపే, వీధి కాదు.

గీత ఎన్నుకొన్నది, విడిచిపెట్టినది

అమరావతి శిల్పాలలో అధికభాగం ఈనాడు చెన్నై, లండన్ నగరాల్లో ఉన్నాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన శిలలు మద్రాసుకు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు తరలింది. కాబట్టి ఈ ప్రాంతపు విద్యార్థికి స్తూపంతో తొలి పరిచయం తరచుగా నకలు ద్వారానే జరుగుతుంది. అక్కడే గీత బాధ్యత మొదలవుతుంది.

కాలిన్ మెకంజీ బృందం 1816 నుంచి కాగితంపైకి ఎక్కించిన చిత్రాలు లేకపోతే, తరువాత కనుమరుగైన అనేక శిలల రూపం తెలిసేదే కాదు. సి. శివరామమూర్తి 1942 నాటి తన గ్రంథంలో ఆభరణాలను, శిరోవేష్టనాలను, వాద్యాలను, ఆసనాలను శిల్పాల నుంచి విడదీసి రేఖాచిత్రాలుగా ఇచ్చారు. ఆనాటి జీవన సామగ్రిని వర్గీకరించడానికి అంతకన్నా ఉపయోగకరమైన పద్ధతి లేదు. అయితే ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కిటికీలోని స్త్రీ శిరోజాలంకరణ మాత్రమే పట్టికలోకి వచ్చినప్పుడు, ఆమె దేన్ని చూస్తున్నదన్నది జారిపోతుంది. రాతిలో ఉబ్బెత్తు, నీడ కలిసి ముందువెనుకలను తెలుపుతాయి. సిరాగీతకు ఆ సౌకర్యం లేదు. ఎక్కడ ఆగాలో, ఏ ఆకృతి మరొకదాన్ని కప్పాలో అది ప్రతిసారీ నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాలే వ్యాఖ్యానం. రేఖాచిత్రాన్ని మూలానికి తటస్థమైన అద్దంగా భావించే పరిశోధన ఈ వ్యాఖ్యానాన్ని గమనించకుండానే స్వీకరిస్తుంది.

గోపురం ముందు వీధి

ఈ చర్చకు మంగళగిరి సహజమైన పరీక్షాస్థలం. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో పట్టణం కట్టించే రోజుల్లో రాళ్ల కోసం దీపాలదిన్నెను తవ్వడంతోనే స్తూపం వెలుగులోకి వచ్చింది. ఆయనే 1807–09 మధ్య మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి 11 అంతస్తుల, 153 అడుగుల గాలిగోపురం కట్టించాడు. ఒక వీధి కోసం ఒక ప్రాచీన శిల్పసంపద చెదిరింది. మరొక వీధికి ఈనాటికీ ఆ గోపురమే కొండగుర్తు.

ఈ వీధిని మార్కర్‌తో గీసేవారికి గోపురమే పెద్ద ప్రలోభం. ప్రతి అంతస్తునూ నింపుతూ పోతే నిలువు గీతలు కాగితాన్ని ఆక్రమిస్తాయి, కింది జనం దానికి అంచు అలంకారంగా మిగులుతారు. పైగా కుంచె ఒత్తిడిని బట్టి గీత సన్నబడినట్లు మార్కర్ గీత సన్నబడదు. దూరాన్ని గీత మందంతో చూపలేనప్పుడు, ఒకదాన్నొకటి కప్పే ఆకృతులతోను, మధ్య వదిలిన ఖాళీలతోను చూపాలి. పరికరపు ఈ పరిమితి చిత్రకారుణ్ణి అమరావతి శిల్పి ఎదుర్కొన్న ప్రశ్న దగ్గరికే చేరుస్తుంది.

ఫాల్గుణ మాసపు రథోత్సవం ఆ ప్రశ్నకు సమాధానాన్ని చూపుతుంది. రథం కదిలినప్పుడు జనం రెండు వైపులకు ఒత్తుకుంటారు, తాళ్ల పొడవునా దారి తెరుచుకుంటుంది, మేడల మీది చూపులన్నీ కిందికి వాలుతాయి. నాలాగిరి ముందు భయంతో విడిపోయిన జనం ఇక్కడ భక్తితో విడిపోతారు. భావం వేరైనా నిర్మాణం ఒక్కటే. సమర్థుడైన చిత్రకారుడు రథపు నగిషీ కన్నా ముందు ఆ తెరుచుకొన్న తెల్లదారిని నిర్ణయిస్తాడు.

ముగింపు

సిరాచిత్రాన్ని కథకో చరిత్రకో అనుబంధంగా చూసే అలవాటు తెలుగు విమర్శలో బలంగా ఉంది. ఆ అలవాటు వల్ల చిత్రంలోని వస్తువులు వివరణ పొందుతాయి, వాటి మధ్య సంబంధాలు పొందవు. పరిరక్షణకూ ఇదే వర్తిస్తుంది. మసితో చేసిన నల్లసిరా కాలానికి నిలుస్తుంది. చాలా మార్కర్ల రంగు వెలుతురు తగిలి వెలిసిపోతుంది. పాత వీధి చిత్రాలను ప్రతిచిత్రీకరించేటప్పుడు ముఖాలనో గోపురాన్నో కత్తిరించి దాచుకొంటే, మూలం వెలిసిపోయిన నాటికి వీధి మిగలదు. అంచుల దాకా, ఖాళీతో సహా భద్రపరచినప్పుడే ఎవరు ఎవరికి దారి ఇచ్చారో రేపటి పరిశోధకుడు చదవగలుగుతాడు.