గుమ్మం దాటాక ఏమిటి?

ముఖం చూడలేని మనిషి మనసు విప్పించగలడా? కౌన్సెలింగ్ రంగంలోకి వచ్చే చూపులేనివాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. రెండు స్వానుభవ గ్రంథాలను పక్కపక్కన పెట్టి చదివితే, దీనికి రెండు వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

అమెరికాకు చెందిన డేవిడ్ హార్ట్‌మన్‌కు ఎనిమిదో ఏట చూపు పోయింది. పలు మెడికల్ కాలేజీలు కాదన్నాక టెంపుల్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. 1976లో డాక్టరయ్యాడు, తర్వాత సైకియాట్రీలో స్థిరపడ్డాడు. బెర్నార్డ్ ఆస్‌బెల్‌తో కలిసి రాసిన ‘వైట్ కోట్, వైట్ కేన్’ 1978లో వచ్చింది. ఒక అడ్డంకి, దాన్ని దాటడం, మళ్లీ ఇంకొకటి: కథనం పరుగు తీస్తుంది. పాఠకుడు చప్పట్లు కొడతాడు. అయితే ఆ వాదనంతా ‘నీ వల్ల కాదు’ అన్నవాళ్లతోనే.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన జాన్ హల్‌కు నలభై దాటాక చూపు పూర్తిగా పోయింది. టేపు రికార్డరులో చెప్పుకున్న డైరీయే 1990 నాటి ‘టచింగ్ ది రాక్’. ఆయన ఎవరితోనూ వాదించడు. ఒకచోట వీధి తలుపు తీసి వాన వింటాడు. పడ్డచోటునుబట్టి చినుకు చప్పుడు మారుతుంటే తోట ఆకారం ఆయనకు తెలిసిపోతుంది. గదిలోనూ అలా వాన కురిస్తే బాగుండుననుకుంటాడు. మనుషుల విషయానికొస్తే, మాట ఆగితే ఎదుటి మనిషి ఉన్నట్టే ఉండడని ఒప్పుకుంటాడు.

కౌన్సెలర్‌కు అసలు చిక్కు ఇక్కడే. చప్పుడు లేకుండా కారే కన్నీళ్లను చెవి పట్టలేదు. అందుకే ‘ఆగిపోయారు, ఇప్పుడు ఏమనిపిస్తోంది?’ అని నోటితోనే అడగాలి. చూపున్న కౌన్సెలర్ ముఖం చూసి అర్థమైపోయిందనుకుని, ఆ ప్రశ్న ఎగ్గొట్టే ప్రమాదం ఉంది. హల్ దాచకుండా చెప్పిన లోటు ఈ వృత్తికి హార్ట్‌మన్ గెలుపు కన్నా ఎక్కువ పనికొస్తుంది.

అలాగని హార్ట్‌మన్‌ను చిన్నబుచ్చలేం. అలాంటివాళ్లు తలుపు తట్టకపోతే లోపలి సంగతుల ప్రసక్తే రాదు. ఆయన పుస్తకం లోటల్లా అది పట్టా అందిన రెండేళ్లకే రావడం. రోగుల ఎదుట కూర్చున్న సుదీర్ఘ అనుభవం అందులోకి ఎక్కలేదు. హల్‌కు మౌనం సంగతి తెలుసు గానీ ఆయన వృత్తి కౌన్సెలింగ్ కాదు. చూపులేని కౌన్సెలర్‌కు కావలసిన పుస్తకాన్ని ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా ఇవ్వలేదు. ఆ పనిలో తలపండినవాళ్లే దాన్ని రాయాలి.