ఓడితే ఇంటికే

లీగులో ఓడిన జట్టుకు వచ్చే వారం ఇంకో ఆట ఉంటుంది. నాకౌట్ కప్పులో ఓడిన జట్టు ఆ రాత్రే రైలెక్కాలి. ముప్ఫై రెండు జట్లు దిగిన పోటీలో 31 మ్యాచ్‌లు జరుగుతాయి, ఒక్కో మ్యాచ్ ఒక్కో జట్టును ఇంటికి పంపుతుంది. కప్పు అందుకునే జట్టు ఐదు గండాలు గట్టెక్కాలి. రిఫరీ ఒక్కసారి పొరబడినా, గోల్‌కీపర్ చెయ్యి ఒక్కసారి జారినా, ముందురోజు వానకు మైదానం బురదైపోయినా ఏడాది శ్రమ అంతటితో సరి.

అంత నికరం లేని పోటీలో ఒకే జట్టు ఐదేళ్లు వరుసగా గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మరెవరికీ దక్కనివ్వలేదు. అదృష్టం ఒక ఏడాది కలిసొస్తుంది, మహా అయితే రెండేళ్లు. ఐదేళ్లు గెలిచారంటే వెనక ఒక పద్ధతి ఉండాలి. ఆ పద్ధతిని తయారుచేసింది ఒక బడిపంతులు. దానికి పచ్చికపరిచిన మైదానాలు అక్కర్లేదు, డబ్బు సంచులూ అక్కర్లేదు. అందుకే అది హైదరాబాదు సొత్తుగా ఉండిపోనక్కర్లేదు. బిలాస్‌పూర్ రైలు పట్టాల పక్కన, సిర్గిట్టిలో బంతి తన్నే పిల్లలకూ అది పనికొస్తుంది.

కప్పుల కాలం

ఫుట్‌బాల్‌లో ఇలాంటి పోటీలన్నిటికీ పెద్దన్న ఇంగ్లండు వారి ఎఫ్.ఎ. కప్పు. 1871లో మొదలైంది, తొలి ఫైనల్ 1872 మార్చిలో లండన్ ఓవల్ మైదానంలో జరిగింది. పటాలాలతో పాటు ఆ అలవాటూ మన దేశానికి దిగుమతైంది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు, 1893లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు పుట్టాయి. జాతీయ లీగు 1996లో గాని రాలేదు. అప్పటిదాకా దేశంలో ఏ జట్టు సత్తా ఎంతో తేల్చినవి ముఖ్యంగా ఈ మూడే.

మొదట్లో అవి తెల్ల పటాలాల సొంత వ్యవహారం. 1911 జులై 29న మనవాళ్ల మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి షీల్డు పట్టుకుపోయింది. రోవర్స్ కప్పును 1937లో బెంగళూరు ముస్లిమ్స్, డ్యూరాండ్ కప్పును 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచాయి. ఆ తర్వాత ప్రపంచ యుద్ధం మూలంగా, దేశ విభజన మూలంగా డ్యూరాండ్ ఆగిపోయింది.

ఆగిన డ్యూరాండ్ 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసి అప్పటికి రెండేళ్లే. ఆ ఊరి పోలీసు జట్టు ఫైనల్లో మోహన్ బగాన్‌కు ఎదురుపడింది. మొదటి ఆట 2-2తో తేలలేదు. ఈనాటిలా పెనాల్టీలు తన్ని తేల్చే రివాజు అప్పట్లో లేదు. అది నిబంధనల్లోకి వచ్చింది 1970లో. డ్రా అయితే మళ్లీ ఆడాల్సిందే. మళ్లీ ఆడారు, హైదరాబాదు 1-0తో గెలిచింది. అదే ఏడాది రోవర్స్ కప్పు కూడా వాళ్లదే. డ్యూరాండ్ 1954లో మళ్లీ వచ్చింది, 1957 పోటీలో మరోసారి వచ్చింది. ఆంధ్ర పోలీస్‌గా పేరు మారాక 1961లో ఇంకోసారి. ఒక రాజధాని నగరపు కానిస్టేబుళ్లు కలకత్తా మహా క్లబ్బులకు పక్కలో బల్లెంలా తయారయ్యారు.

పంతులుగారి పోటీలు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పేవారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950లో పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు, ఆ కాలంలోనే జాతీయ జట్టునూ చేతుల్లోకి తీసుకున్నారు. ఆటగాళ్లకు ఆయన రహీం సాబ్. ఆయన ప్రత్యేకతంతా ఒక్కచోట ఉంది. ఆటను ఉపన్యాసంతో నేర్పలేదు. పోటీ నిబంధనను కొద్దిగా మార్చి, ఆ నిబంధన చేతే నేర్పించారు.

మొదటిది, డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఎదుటివాణ్ని దాటిపోవడం అందులో కుదరదు. అది కుదరనప్పుడు ఆటగాడికి మిగిలేది పాసు ఒక్కటే. పాసు ఇవ్వాలంటే ఎవరు ఎక్కడున్నారో బంతి రాకముందే చూసి పెట్టుకోవాలి. బంతి వచ్చాక తలెత్తేవాడికి ఆలస్యమైపోతుంది. బంతి లేని మిగతావాళ్లకూ అక్కడే పని పడుతుంది. రైల్వే ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సింగిల్ లైను మీద బండి వచ్చి నిలిచాక లూప్ వెయ్యరు, బండి రాకముందే వేసి ఉంచుతారు. పాసు అందుకునేవాడు కూడా బంతి బయల్దేరకముందే ఖాళీలోకి నడిచి ఉండాలి. ఇలా నెలల తరబడి ఆడిన పిల్లలకు ఒక్క తాకుడులో బంతిని పంపడం నడకంత సహజమైపోతుంది.

రెండోది, చేతకాని కాలితో ఆడే పోటీ. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదటి రోజుల్లో నవ్వులాటగా ఉంటుంది, బంతి ఎటో పోతుంది. కాని దాని ఫలితం కప్పు మ్యాచ్‌లో తెలుస్తుంది. ఒంటికాలి ఆటగాడు తనకు అలవాటైన వైపుకు బంతిని మళ్లించుకోవాలి. ఆ మళ్లింపుకు పట్టే అర సెకనులో ఎదుటి డిఫెండరు వచ్చి మీదపడతాడు. రెండు కాళ్లూ వచ్చినవాడికి ఆ అర సెకను మిగులుతుంది. గోలు ముందు అర సెకను అంటే గోలే. ఎదుటి జట్టుకూ వీణ్ని ఏ పక్క కాచుకోవాలో తెలియదు.

మూడోది, ఐదుగురేసి ఆడే చిన్న పోటీలు. మైదానం చిన్నది, మనుషులు తక్కువ. పదకొండు మంది ఆటలో పది నిమిషాలకోసారి బంతి తగిలే పిల్లాడికి ఇక్కడ నిమిషం నిమిషం తగులుతుంది. దాక్కోవడానికి చోటుండదు. దాడి చేసినవాడే మరుక్షణం వెనక్కి పరుగెత్తి కాపు కాయాలి. హైదరాబాదులో మల్లేపల్లి, మాసాబ్ ట్యాంక్, బార్కస్ లాంటి పేటల పిల్లలకు విశాలమైన పచ్చిక లేదు, బండగట్టిన ఖాళీ జాగాలున్నాయి. లేనిదాని కోసం ఎదురుచూడకుండా ఉన్న జాగాకు తగిన ఆటను రహీం సాబ్ వాళ్లకిచ్చారు.

ఈ మూడింటికీ కలిపి ఒక్క పేరు పెట్టాల్సి వస్తే పొదుపు అంటాను. తాకుళ్లలో పొదుపు, పరుగులో పొదుపు, కాలంలో పొదుపు. కప్పు పోటీకి ఈ పొదుపు ప్రాణం. 1950ల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. దెబ్బ తగిలినవాడు కుంటుతూనైనా నిలబడాలి, లేదా జట్టు పదిమందితో సాగాలి. డ్రా అయితే ఒళ్లు నొప్పులు తీరకముందే మళ్లీ ఆడాలి. మనిషి పరుగెత్తి అలసిపోతాడు, బంతి పరుగెత్తి అలసిపోదు. పోటీ ముందుకు జరిగేకొద్దీ బంతిచేత పరుగు తీయించిన జట్టు కాళ్లలో సత్తువ మిగిలి ఉంటుంది. కప్పు చివరి రెండు రౌండ్లలో తేడా తెచ్చేది ఆ మిగులే. నేలబారు పాసులకు ఇంకో లాభం కూడా ఉంది. పొడగరులైన పటాలం జట్లతో గాలి బంతుల కోసం ఎగిరి పోటీపడే అవసరమే ఉండదు.

ముందు వరసలో ఒకడు వెనక్కి

రహీం సాబ్ పద్ధతి పిల్లల పోటీలతో ఆగలేదు. 1953 నవంబరులో హంగేరి జట్టు వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో మట్టికరిపించింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిదెకుటి గోలు ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడాడు. అతణ్ని వెంబడించాలా, తన చోటే కాసుకోవాలా తెలియక ఇంగ్లండు డిఫెండరు తికమకపడ్డాడు. ఆ ఎత్తును మన దేశంలో తొందరగా అందుకున్నవాళ్లలో రహీం సాబ్ ముందుంటారు. వెనక్కి జరిగిన ఫార్వర్డ్ నిలబడాలంటే చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క తాకుడు పాసు వచ్చి ఉండాలి. అది హైదరాబాదు ఆటగాళ్లకు అప్పటికే చిన్ననాటి అలవాటు.

అంతర్జాతీయ పరీక్ష మొదట చేదుగానే ముగిసింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా ఆడిన ఆటగాళ్లే ఎక్కువగా ఉన్న మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడి వచ్చింది. ఆ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ కూడా నాకౌట్ పోటీయే. అక్కడ మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లి, నాలుగో స్థానంలో నిలిచారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ థంగరాజ్, వీళ్లంతా హైదరాబాదు, సికింద్రాబాదు గడ్డ మీద ఎదిగినవాళ్లే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. తలకు కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా పంపి గోలు కొట్టించిన తెగువ రహీం సాబ్‌ది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

డ్రిబ్లింగ్‌ను నిషేధిస్తే కళ చచ్చిపోదా అన్న ప్రశ్న వస్తుంది. జకార్తా జట్టు ముందు వరస చూస్తే జవాబు దొరుకుతుంది. చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురూ ఎదుటివాణ్ని బంతితో బోల్తా కొట్టించడంలో ఘనులు. ఆ నిషేధం నేర్చుకునే రోజులకే. పాసు చేతనైనవాడు డ్రిబ్లింగ్ ఎప్పుడు చెయ్యాలో ఎంచుకోగలడు. పాసు చేతకానివాడికి డ్రిబ్లింగ్ తప్ప గతి లేదు.

బి.ఎన్.ఆర్. దారి

బలరాం పుట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడలో. ఈస్ట్ బెంగాల్‌కు ఏళ్ల తరబడి ఆడి, 1963లో బి.ఎన్.ఆర్. జట్టులో చేరారు. అనారోగ్యంతో ఇరవయ్యేడేళ్లకే ఆట మానుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో చనిపోయారు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీయే బిలాస్‌పూర్‌ను రైలు పటంలో జంక్షనుగా నిలబెట్టింది. 1955లో ఆ రైల్వే సౌత్ ఈస్టర్న్‌గా మారినా కలకత్తాలో ఫుట్‌బాల్ జట్టు మాత్రం పాత పేరుతోనే సాగింది, 1964లో రోవర్స్ కప్పు కూడా గెలిచింది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడేదాకా బిలాస్‌పూర్ కూడా ఆ కుటుంబంలోదే.

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చింది ఆ రైల్వే పట్టాల మీదనే. పట్టాలకు ఒక పక్క స్టేషను, రైల్వే కాలనీలు, ఇంకో పక్క సిర్గిట్టి కార్ఖానాలు. ఇక్కడి ఇళ్లలో ఆట అంటే ఉద్యోగానికి ఒక దారి కూడా. పోలీసు శాఖ హైదరాబాదు ఆటగాడికి ఇచ్చినట్టే, రైల్వే కూడా క్రీడాకారుడికి జీతం, జట్టు, ఆడే మైదానం ఇచ్చింది. సంతోష్ ట్రోఫీని రైల్వేస్ జట్టు మూడుసార్లు గెలిచింది. 1964-65, 1966-67 గెలుపుల మధ్య ఏడాది, 1965-66లో, ఆంధ్రప్రదేశ్ గెలిచింది. తెలుగువాళ్ల ఆటకు, రైల్వే ఆటకు అవి దగ్గర దగ్గర రోజులు.

తర్వాత ఆ వెలుగు తగ్గింది. రహీం సాబ్ పోయాక పద్ధతిని పట్టుకుని నడిపేవాళ్లు తగ్గారు. మంచి ఆటగాళ్లను కలకత్తా లాక్కుంది. నయీముద్దీన్, హబీబ్ లాంటివాళ్ల గొప్ప రోజులు అక్కడే గడిచాయి. కప్పులూ మారాయి. 1977లో ఎర్నాకుళంలో మొదలైన ఫెడరేషన్ కప్పు పోయి, 2018లో సూపర్ కప్పు వచ్చింది. రోవర్స్ కప్పు ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. డ్యూరాండ్ మాత్రం బతికే ఉంది. 2024లో గువాహటి జట్టు నార్త్ ఈస్ట్ యునైటెడ్ పెనాల్టీల్లో మోహన్ బగాన్‌ను ఓడించి మొదటిసారి దాన్ని గెలిచింది, మరుసటి ఏడాదీ నిలబెట్టుకుంది. లీగులో ఏడాది పొడుగునా డబ్బున్నవాడిదే పైచెయ్యి. కప్పులో చిన్న ఊరి జట్టుకు కూడా ఐదారు సాయంత్రాల అవకాశం దొరుకుతుంది. ఆ సాయంత్రాలకు సిద్ధంగా ఉండాలి.

సిద్ధపడటానికి రహీం సాబ్ పద్ధతికయ్యే ఖర్చు ఒక బంతి, సున్నంతో గీసిన నాలుగు గీతలు, నిబంధన విషయంలో మొహమాటపడని ఒక పెద్దమనిషి. పండక్కి పేటల మధ్య పెట్టే పోటీల్లో ఒకదాన్ని ఎడమకాలి పోటీగా, ఇంకోదాన్ని డ్రిబ్లింగ్ లేని పోటీగా మారిస్తే చాలు. గెలిచినవాళ్లకిచ్చే కప్పు ఎప్పటి కప్పే, ఖర్చు ఎప్పటి ఖర్చే. మొదటి ఏడాది ఆట చూడ్డానికి బాగోదు, గోల్స్ తక్కువ పడతాయి, చూసేవాళ్లు విసుక్కుంటారు. నిర్వాహకులు అప్పుడు వెనక్కి తగ్గకూడదు. మూడో ఏడాదికి ఆ పిల్లలు రెండు కాళ్లతో ఆడతారు.